మొసలి మామ పైకొచ్చిండా?

మా చెల్లె మనుమరాలు రజియా ఈ మధ్యనే డబ్బింగ్ మాటలు రాసే పనిల చేరింది. మొన్న ఫోన్ చేసి, "తాతా, ఒక బొమ్మల పుస్తకాన్ని సినిమా తీసిండ్రు. పుస్తకంల వీరుడు నవ్వనే నవ్వడు. సినిమాల జోకుల మీద జోకులేస్తుండు. నేను దేనికి కట్టుబడాలె?" అని అడిగింది.

"సినిమా తీసినోడు బతికే ఉన్నడా?" అన్న.

ఉన్నడట.

"అయితే వానికే కట్టుబడు, జీతం ఇచ్చేది వాడే" అని ఫోన్ పెట్టేసిన.

పెట్టేసినంక మనసున పట్టలేదు. పోరి ఏదో తెలుసుకుందామని అడిగితే నేను కసురుకున్నట్టయింది. అది ఫోన్ల ఒడిసే ముచ్చట కాదు, అందుకే రాస్తున్న. ఈ పనిలకు కొత్తగ వచ్చేటోళ్ళు ఇంకెవరన్న ఉంటే వాళ్ళు కూడ చదువుకోవచ్చు. ఇదే పనిల నేను ముసలోణ్ణయిన. సన్మానాల సంగతి మాత్రం అడగొద్దు. శాలువలు పెట్టెల ఉన్నయి, వాటి పని పురుగులు చూసుకుంటున్నయి.

తెర పక్కన నిలవడుడు

గోదారి ఒడ్డున, మహారాష్ట్ర దిక్కున్న మా సిరోంచల శంకరయ్య సావుకారికి కిరాణం దుకాణం తోటి టూరింగ్ టాకీస్ కూడ ఉండె. టాకీస్ అంటే ఏం లేదు, ఒక పెద్ద డేరా, ఒక మిషిను, దాన్ని నడిపే ఇంజను, వెనక బెంచీలు, ముంగట ఇసుక. వానలు వెళ్ళినంక డేరా లేపేది, మళ్ళ మొగులు పట్టంగనే విప్పేది. రీళ్ళ డబ్బాలు చాందా పట్నం నుంచి కొంత దూరం లారీల, కొంత దూరం ఎడ్లబండి మీద వచ్చేటియి.

వచ్చిన సినిమాలన్నీ హిందీయి. చూసేటోళ్ళు తెలుగోళ్ళు. అందుకని తెర పక్కన ఒక మనిషి రేకు భోంగా నోటి కాడ పట్టుకొని నిలబడి, వాళ్ళు అక్కడ మాట్లాడంగనే ఇక్కడ తెలుగుల చెప్పాలె. ఆ మనిషిని నేను. మా ఇంట్ల ఉర్దూ, బజార్ల తెలుగు, బడిల మరాఠీ. మా అబ్బా అత్తరు, సుర్మా అమ్ముకుంట అడివి ఊళ్ళు తిరిగేటోడు గనుక గోండి కూడ జర జర వచ్చు. "వీడు నాలుగు భాషలల్ల పనికిరానోడు" అని మా అబ్బా అందరికీ చెప్పుకునేది.

మొదటి సినిమానే నాకు బుద్ధి చెప్పింది. అందుల హీరోయిన్ తండ్రి సచ్చిపోతడు. ఇంత పెద్ద బంగళా. పీనుగు పక్కన ఆ పిల్ల ఒక్కతే కూసోని ఏడుస్తుంటది. నేను ఆమె మాటలు పొల్లుపోకుండ చెప్తున్న. డేరాల ఒక్క కన్ను తడిస్తే ఒట్టు. గుసగుసలు మొదలైనయి. ఇసుకల కూసున్న ఒకామె లేచి, "ఏంది పిల్లగా, సుట్టాలు రాలేదా?" అన్నది. "గంత పెద్దింట్ల సావైతే వాడకట్టోళ్ళు ఏడవోయిండ్రు? ఒక్క ముసలామె గూడ లేదా పక్కన?" అని ఇంకొకామె. అందరు ఆ పిల్ల దుఃఖం ఇడిసిపెట్టి, ఎవరెవరు రాలేదో చూస్తున్నరు.

భోంగాల గట్టిగ చెప్పిన: "సుట్టాలందరు బయల్దేరిండ్రు! గోదారి నిండుగ ఉన్నది, పడవ దొరుకుత లేదు!"

అంతే. డేరా డేరా గొల్లుమని ఏడ్చింది. పడవ దొరకక సావుకు అందకపోవుడు మా దిక్కు అనుభవించని ఇల్లు లేదు. బొంబాయి సినిమాలకు గోదారి ఎట్లొచ్చింది అని ఒక్కడు అడిగితే ఒట్టు. నేను చెప్పింది సినిమాల లేనే లేదు, కాని సినిమా తీసినోడు ఏడిపిద్దామనుకున్న కాడ ఏడిపిచ్చిన. ఈ పనిల నేను నేర్చుకున్న మొదటి అక్షరం అది.

మా సావుకారి

శంకరయ్య సావుకారి సినిమా ఎన్నడూ ముంగట కూసోని చూడలే. ముంగటి జాగ టికెట్టోళ్ళది అని, ఆయన తెర వెనకకు పోయి, ఇంజను పక్కన బస్తా మీద కూసోని చూసేది. గుడ్డ తెర గనుక వెనకకు కూడ బొమ్మ కనబడేది, కాని కుడి ఎడమైతది. అందుకని సినిమా మనుషులందరు ఎడమ చెయ్యితోని తింటరని, ఎడమ చెయ్యితోనే దండం పెడతరని సచ్చేదాక నమ్మిండు పాపం. "పైసలున్నయి గాని పద్ధతి లేదురా మహబూబ్ వాళ్ళకు" అనేది. ముంగటికి వచ్చి చూడు సావుకారి అని నేను ఎంత బతిమాలినా వినలే.

అట్లాంటి మనిషి నాకు ఒక్క మంచి కట్టుబాటు నేర్పిండు. ఏటేట ప్రాణహిత దాటి పటం కథలోళ్ళు మా ఊళ్ళకు వచ్చేది. పొడుగు గుడ్డ మీద కులం కథంత బొమ్మలేసి ఉంటది. కొంచెం కొంచెం విప్పుకుంట, కట్టెతోని బొమ్మను ముట్టుకుంట కథ చెప్తరు. కట్టె ముట్టినదే నోట రావాలె. బొమ్మల లేని గుర్రాన్ని చెప్తే మా వాళ్ళు బియ్యం పెట్టకపోయేది. సావుకారికి ఆ పద్ధతి మస్తు నచ్చింది. ఎందుకంటే ఆయన దుకాణం గోడ మీద కూడ ఒక కథ నడుస్తుండె.

ధరలు చూసుకునేటందుకు సావుకారి నది అవతలి నుంచి ఒక వారపత్రిక తెప్పిస్తుండె. దాని ఆఖరి పేజీల బొమ్మల కథ పడేది. బెల్లం కట్టనీకె చింపబోయి, ఒకనాడు ఆ బొమ్మలు చూసి ఆగిపోయిండు. అప్పటి నుంచి వారం వారం ఆ పేజీని గోడకు అంటిచ్చుడు, అంగడి నాడు నేను కట్టె పట్టుకొని, కట్టె ముట్టిందే చెప్పుడు.

ఆ కథల వీరుడే మొసలి మామ. నదిల ఉంటడు, వీపు మీద మొసలి తోలు. టేకు దొంగలను, తప్పుడు తూకమోళ్ళను నీళ్ళల్లకు గుంజి బుద్ధి చెప్తడు. నవ్వడు. మాట్లాడడు. మిగిలినోళ్ళందరి నోటి కాడ మాటల బుడగ ఉంటది, మామ నోటి కాడ ఎన్నడూ లేదు. తప్పుడు తూకమోణ్ణి మామ ముంచిన వారం, అంగడి అంగడంత మెల్లగ తిరిగి మా సావుకారి తరాజు దిక్కు చూసింది. ఆయన ఆ రోజు అందరికి ఇంత మొగ్గు చూపి తూచిండు.

మామ అంటే మా తాలూకంత పానం పెట్టేది. రేగుంట, అంకిస లాంటి ఊళ్ళ నుంచి నడిచొచ్చి మరీ వినేటోళ్ళు. అంకిస బెస్తోళ్ళ కులపెద్ద ఎంకన్న అయితే తలపాగ తీసి ఒళ్ళె పెట్టుకొని, పురాణం విన్నట్టు వినేది.

పోషక్క పెట్టిన షరతు

అంకిసల పోషక్క అని ఉండె. ఆమె పెనిమిటి రాజం ఆ ఏడు వానలల్ల, రెండు నదులు కలిసే కాడ వల తియ్యబోయిండు. పడవ బోర్లపడి దొరికింది. మనిషి దొరకలే.

మొగడు పోయినట్టు తేలితే ఆమె గాజులు తియ్యాలె, పడవ మరిది మల్లయ్య చేతికి పోతది. తేలకపోతే పడవ ఆమెదే. పీనుగు దొరకలే గనుక పోషక్క గాజులు తియ్యనన్నది. మల్లయ్యేమో ఆ పడవ మీద కన్నేసి, పొద్దున లేస్తే కులపెద్ద ఇంటి ముంగటనే.

అదే వానలల్ల గోడ మీద మామ, ఒక దొంగ గుత్తేదారును పట్టుకొని మడుగుల మునిగిండు. పేజీ ఆఖరి బొమ్మల ఉత్త నీళ్ళే, మీద రెండు బుడగలు. నేను కట్టె ఆ బుడగల మీద పెట్టి ఆపిన. సరిగ్గ అప్పుడే మల్లయ్య, ఎంకన్నను ఎంటబెట్టుకొని, అందరి ముంగట పోషక్కను నిలేసిండు.

"వదినా, ఎన్నాళ్ళు చూస్తవు? అన్న రాడు. గాజులు తియ్యి."

"నీళ్ళు తీసుకున్నోణ్ణి నీళ్ళు మళ్ళ ఇయ్యవు బిడ్డా" అన్నడు ఎంకన్న నిమ్మళంగ.

పోషక్కకు తిక్క లేసింది. గోడ మీదికి చెయ్యి చూపిచ్చింది. "గిప్పుడే గా మామ మునిగిండు గద. ముందుగల్ల ఆయన సంగతి తేలనీయుండ్రి. ఆయన పైకి రాకపోతే నేను గాజులు తీస్త, పడవ ఇస్త. ఆయన వస్తే నన్ను ఇంక ఎవ్వరు అడగొద్దు. అందాక నా జోలికి రాకుండ్రి."

ఇంకో ఊరైతే నవ్వుతరు. మా దిక్కు నవ్వలే. ఎంకన్న మీసం దువ్వుకుంట, "వాజిబే, న్యాయంగనే అడిగింది. వచ్చే అంగడికి తేలుతది" అన్నడు. వారమే కద అని మల్లయ్య కూడ తలకాయ ఊపిండు. మాట అంగట్ల పడ్డది. మా దగ్గర అంగట్ల ఇచ్చిన మాటను వెనకకు తీసుకునుడు లేదు.

వచ్చే అంగడికి పడవల ఉప్పు వచ్చింది, నూనె వచ్చింది, పత్రిక రాలేదు. మూతపడ్డదట.

మల్లయ్య పరేషాన్ అయిండు. నది దాటి పోయి, పత్రిక తెచ్చే ఏజెంటును పట్టుకొని, "మామ బతికిండా సచ్చిండా చెప్పు" అని అంగి పట్టుకున్నడట. "నాకేం ఎరుక? ఆ బొమ్మలేసేటాయన కూడ ఏడికో పోయిండు" అన్నడట ఏజెంటు. వచ్చి ఆ ముచ్చట చెప్తే పోషక్క, "అయ్యో, అయితే గాయన కోసం కూడ ఎదురు చూడాలె" అన్నది. చూసుకుంట చూసుకుంట పడవ నడుపుడు నేర్చుకున్నది, వల ఏసుడు నేర్చుకున్నది.

తెర మీద మామ

రెండేండ్లు దాటినంక ఒక చలికాలం సావుకారి ఉరుక్కుంట వచ్చిండు. "అరే మహబూబ్! మామ మీద బొంబాయోళ్ళు సినిమా తీసిండ్రట! అదే మామ, అదే కథ!"

ఆ వార్త మీద తాలూక తాలూక కదిలింది. అందరికి మామను చూడాలని, అంకిసోళ్ళకు మామ పైకొచ్చిండా లేదా అని. పోషక్క తన పడవ నిండ జనాన్ని ఎక్కిచ్చుకొని వచ్చింది. ఎంకన్న ముందు, మల్లయ్య ఎనుక, ఆమె మధ్యల గడ పట్టుకొని. రెండేండ్ల నుంచి నలుగుతున్న ఆమె గాజుల సంగతి ఆ పొద్దు తెర మీద తేలాలె.

చీకటి పడంగనే మొదలువెట్టినం. నీళ్ళు కదిలినయి. మామ లేచిండు. డేరా అంత చేతులు జోడిచ్చింది.

మామ పకపక నవ్వి, పాట ఎత్తుకున్నడు.

రెండు వానకాలాలు, రెండు ఎండకాలాలు ఒక్క మాట మాట్లాడని మనిషి! ఒక ముసలాయన, "అయ్యో, నోరు తెరిచిండు!" అని లేచి నిలవడ్డడు. అయినా నా పని నాకు తప్పదు గద. "ఓ పిల్లా, నీ కండ్లు చేప పిల్లల లెక్క ఉన్నయి" అని పాటకు తెలుగు చెప్పిన. నా మీద ఇసుక పడ్డది.

తర్వాత మామకు ఒక తల్లి వచ్చింది, వడ్డిచ్చుకుంట ఏడ్చుడే ఆమె పని. ఒక జోకర్ దోస్తు వచ్చిండు. ఆ దొంగ గుత్తేదారు బిడ్డెనే మామ ప్రేమిస్తడు. ఇవన్నీ ఓర్చుకున్నరు. మొసలి వచ్చినప్పుడు మాత్రం మా బెస్తోళ్ళు ఓర్చుకోలే. గుడ్డ మొసలి, లోపల ఇద్దరు మనుషులు. వెనక ఉన్నోడు కాళ్ళు దాచుకోవుడు మరిచిండు.

"మొసలికి చెప్పులున్నయ్ రో!"

ఇగ చూస్కో. దినాము మొసళ్ళ మధ్యన వలలేసేటోళ్ళు వాళ్ళు. బెంచీలు లేచినయి, ఇసుక మిషిను అద్దం మీద పడ్డది, సావుకారి ఉరికొచ్చి ఇంజను బంద్ చేసిండు. సగం సినిమా కూడ కాలే. ఆఖరు ఎవ్వరూ చూడలే.

పంచాయితి

తెల్లారి డేరా ముంగట పంచాయితి కూసున్నది. లొల్లి అయిందని ఎవరో చెప్తే నాయబ్ తహసీల్దార్ సాబు కూడ వచ్చిండు. మరాఠాయన, కొత్తగ వచ్చిండు, తెలుగు జర జర సమజైతది. "కాయ్ ఝాలం?" అని, ఏమైందని మరాఠీల అడిగితే, మొసలి చెప్పులేసుకున్నదని పది గొంతులు ఒక్కసారి చెప్పినయి. ఆయన కుర్చీ తెమ్మన్నడు.

అందరికన్న ముందు లేచింది మల్లయ్య. నిన్నటిదాక సినిమా సినిమా అని కలవరిచ్చినోడు. కాని పాటలున్న సినిమాల హీరో సావడని ఆయనకు రాత్రికి రాత్రే సమజైంది. "సాబ్, ఇది మా మామ కాదు. మా మామ నవ్వడు, పాడడు. ఈ సినిమానే అబద్ధం. రేపు వీడు నీళ్ళల్లకెళ్ళి పైకొచ్చినా రానట్టే లెక్క!"

"అట్లనా మల్లిగా?" అన్నది పోషక్క. "నా పడవల వచ్చేటప్పుడు సినిమాల ఏం తేలితే అదే ఖాయం అంటివి గద?"

"అప్పుడు చెప్పులు చూడలే వదినా."

సావుకారిని అడిగిండ్రు. సినిమాను కాపాడుకుంటడని నేననుకున్న. ఆయన లేచి, "నేను వెనక కెళ్ళి చూసిన సాబ్. మామ ఎడమ చెయ్యితోని దండం పెట్టిండు. మన మామ గట్ల చేస్తడా?" అన్నడు. నేను నెత్తి కొట్టుకున్న.

నన్ను కూడ అడిగిండ్రు. "బొమ్మ మారితే నేనేం చేస్త సాబ్? తెర మీద ఉన్నది చెప్పుడు నా పని" అన్న. "గోడ మీద ఉన్నది చెప్పుడు కూడ నీ పనే ఉండె గద" అన్నడు ఎంకన్న. రజియా, నువ్వు అడిగిన సవాలు నన్ను ఎంకన్న ఆ పొద్దే అడిగిండు.

నాయబ్ సాబు గడ్డం గోక్కుంట ఫైసలా చెప్పిండు. "సినిమా బొంబాయిది. దాని మీద నాకు హక్కు లేదు. ఈ పోరని నోరు సిరోంచ తాలూకాది. అందుకని సినిమా ఎట్లున్నదో అట్లనే నడవాలె, వీని నోరు మాత్రం గోడ ప్రకారం నడవాలె."

అందరు వహ్వా అన్నరు. నేను తప్ప.

రెండో ఆట

ఆ పొద్దే చీకటి పడంగనే మళ్ళ ఆట. పగటిపూట మిషిను నడిపేటాయనతో కలిసి నేను సినిమా అంత చూసిన. ఆఖరికి ఏమైతదో ఊళ్ళె మా ఇద్దరికే తెలుసు. మామ పైకొస్తడు. నెత్తి మీద చేప పెట్టుకొని, నవ్వుకుంట.

మామ పాట ఎత్తుకున్నడు. నేను భోంగాల, "మామ పాడుత లేడు. తప్పు చేసినోళ్ళ పేర్లు సదువుతుండు" అన్న. జనం తలకాయలు ఊపిండ్రు. మామ నవ్విండు. "నవ్వుత లేడు, పండ్లు చూపిచ్చి బెదిరిస్తుండు." పిల్లతోని ఎగిరిండు. "ఆ పిల్లకు తేలు కుట్టింది. ఇసం దిగెదాక ఎగురుమన్నడు, తోడు తనూ ఎగురుతుండు." ముంగట కూసున్న ఆడోళ్ళు అయ్యో పాపం అన్నరు. జోకరు వచ్చిండు. "వీడు మామ పట్టిన దొంగ. శిక్ష కింద ఎంట తిప్పుకుంటుండు." వాడు ఎన్ని వేషాలేసినా ఒక్కడు నవ్వలే, వానికి తగిన శాస్తి అయిందనుకున్నరు. తల్లి వచ్చింది. గోడ మీద తల్లి లేదు. "ఈమె ఎవరో తొవ్వ తప్పి వచ్చింది. పట్టిచ్చుకోకుండ్రి" అన్న. ఆమె ఏడ్చినప్పుడల్ల రేగుంట ముసలామె ఒకతి, "ఎవరన్న ఆమెకు తొవ్వ చూపియ్యుండ్రి" అని మొత్తుకున్నది. మొసలి వచ్చింది. "ముండ్లు గుచ్చుకోకుండ మామ దానికి చెప్పులు కుట్టిచ్చిండు" అన్న. బెస్తోళ్ళు కూడ ఒప్పుకున్నరు.

చూసేటోళ్ళల్ల నాయబ్ సాబు ఒక్కనికే హిందీ వచ్చు. ఆయన రుమాలు నోట్లె కుక్కుకొని వణుకుతుండు.

నా జన్మల అంత నిశ్శబ్దంగ నడిచిన ఆట ఇంకోటి లేదు. గిట్ల నడుస్తుంటే నాకే భయమైంది. ఆఖరు దగ్గర పడుతుండె. మామ గుత్తేదారును పట్టుకున్నడు. ఇద్దరు మునిగిండ్రు. తెర మీద ఉత్త నీళ్ళు.

గోడ అక్కడితోనే అయిపోయింది.

ఇగ నేను ఏది చెప్పాలె? రాలేదు అంటే ఈ క్షణం పోషక్క గాజులు పోతయి, పడవ పోతది. వచ్చిండు అంటే పొద్దటి ఫైసలా తప్పిన్నని మల్లయ్య నా గొంతు పట్టుకుంటడు. నీళ్ళ మీద బుడగలు లేస్తున్నయి. అంకిసోళ్ళందరు తెరను చూస్తలేరు, నా నోటిని చూస్తున్నరు. నేను నోరు తెరిచిన.

"ఆపు మహబూబ్" అన్నది పోషక్క.

ఇసుకలకెళ్ళి లేచి తెర ముంగటికి వచ్చింది. అదే గడియల మామ నీళ్ళల్లకెళ్ళి లేచిండు, నెత్తి మీద చేప, మొఖం నిండ నవ్వు. సగం మామ తెర మీద, సగం పోషక్క చీర మీద.

"గాయన వచ్చిండు" అన్నది. "మంచిగైంది, ఆయన తల్లి ఆడ ఏడుస్తుండె. మా ఆయన మాత్రం రాడు. పడవ బోర్లపడి దొరికిన్నాడే నాకు ఎరుక. మీరు గాజులు గాజులు అని నా పానం తీస్తుంటే నోటికొచ్చింది అన్న. మీరు ఒప్పుకున్నరు. నేను కూడ రాత్రుళ్ళు మామ వస్తడేమో, గాయన వస్తే ఈయన కూడ వస్తడేమో అని పిచ్చిదాని లెక్క చూసిన. ఇగ చాలు. ఎల్లుండి రాజం దినాలు చేస్త, అందరు తిని పోండ్రి. గాజులు తియ్య. పడవ ఇయ్య. ఏ మామ పైకొచ్చినా, రాకున్నా."

చెప్పుకుంటనే ఏడ్చింది. రెండేండ్లల్ల ఆమె ఏడ్చుడు నేను అప్పుడే చూసిన. తెర మీద మామ నవ్వుడు ఆపుత లేడు. నాకు వాని మీద పట్టరాని కోపమొచ్చింది.

మల్లయ్య లేచిండు. "పెద్దమనిషీ, అంగట్ల మాటిచ్చింది! రాకపోతే గాజులు తీస్తనన్నది!"

ఎంకన్న తలపాగ ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు. తెర దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, ఆఖరికి మల్లయ్య దిక్కు తిరిగిండు.

"మల్లిగా, ఈడికి ఎవరి పడవల వచ్చినవురా?"

"వదిన పడవల."

"ముంచిందా?"

"లేదు."

"మరి కూసో" అన్నడు ఎంకన్న.

మల్లయ్య కూసున్నడు. దినాలు అయినయి. పోషక్క గాజులతోనే వడ్డిచ్చింది. కొందరు తినకుండ పోయిండ్రు, ఎక్కువమంది తిన్నరు.

రజియాకు

బిడ్డా, ఆ సినిమా తీసినోడు మామను చెడగొట్టిండు. పాట పెట్టినందుకు కాదు. పాట పెడితే పెట్టిండు గాని, నీళ్ళల్ల మునిగిన మనిషిని నవ్వులాట చేసిండు. బొమ్మలేసినాయన ఆ రెండు బుడగలు వేసేటప్పుడు నవ్వలే. ఆ సంగతి పట్టుకోకుండ తోలు, మొసలి, పేరు పట్టుకున్నడు. నువ్వు ముందుగల్ల పుస్తకంల ఏ కాడ మనిషి గుండె ఆగుతదో చూడు. సినిమా కూడ ఆ కాడ ఆగుతుంటే, మిగిలిన మాటలు ఎట్ల రాసినా నడుస్తది, తేలు కుట్టిందని రాసినా నడుస్తది. ఆగకపోతే నువ్వు అక్షరం పొల్లుపోకుండ రాసినా దండుగనే. ఇది నా మాట. జీతమిచ్చేటోడు ఒప్పుకోకపోవచ్చు.

అయితే ఇంత చెప్పినంక ఇంకో ముచ్చట కూడ చెప్పాలె. మనం రాసే మాటల మీదనే లోకం నిలవడ్డదని ఈ పనిల ఉన్నోళ్ళకు తొందరగ అనిపిస్తది. నాకూ అనిపిచ్చింది. ఆ ఎండకాలం ఏదో పని మీద అవతలి ఒడ్డుకు పోతున్న, పోషక్క పడవల. నేనొక్కణ్ణే ఉన్న. నడిమి నదికి వచ్చినంక ఆమె అడిగింది.

"మహబూబ్, ఆనాడు నేను లేవకపోతే నువ్వు ఏం చెప్పేదుంటివి?"

"పైకొచ్చిండని చెప్పేదుంటి అక్కా."

"గోడ మీద లేదు గద?"

"లేదు. నీ గాజుల కోసం చెప్పేదుంటి."

ఆమె గడ ఇసుకల దింపి, పడవ ఆపి, నన్ను కింది నుంచి మీది దాక చూసింది. సంబరపడతదనుకున్న.

"గాజులు నా చేతికున్నయి తమ్మీ" అన్నది. "నీ నోట్లె ఎప్పుడున్నయి?"